ఆ సమాధులను కాపాడింది జనం

సంపాదకులు గారికి,

న్యూయార్క్ ఆఫ్రికన్ బరియల్ గ్రౌండ్ (ఒకప్పటి నల్లజాతి వారి శ్మశానం) మీద గత ఆదివారం మీరు వేసిన వ్యాసంలో ‘అమెరికా ప్రభుత్వం శ్రద్ధగా కాపాడిన స్మారకం’ అన్న మాట చూసి ఈ ఉత్తరం రాయక తప్పలేదు. 1991లో 34 అంతస్తుల టవర్ కోసం ఆ శ్మశానాన్ని తవ్వించింది ప్రభుత్వ భవనాలు కట్టించే, నిర్వహించే సంస్థ జీఎస్ఏనే. న్యూయార్క్ నల్లజాతి ప్రజలు రోడ్డెక్కకపోతే ఈరోజు చూడటానికి స్మారకమే ఉండేది కాదు.

తెలియక తవ్వారా అంటే అదీ కాదు. 18వ శతాబ్దపు పటంలోనే అది నీగ్రోల శ్మశానమని రాసి ఉంది. 1697లో ట్రినిటీ చర్చి తన ఆవరణలో నల్లవారిని పూడ్చనివ్వబోమన్నాక, బానిసలుగా బతికినవాళ్లు ఊరి అవతల తమవారిని పూడ్చుకున్న నేల అది. ఆరెకరాలకు పైన విస్తీర్ణం, దాదాపు 15,000 సమాధులని అంచనా. పనికి ముందు చేసిన సర్వేలోనూ ఆ పటం ప్రస్తావన ఉంది. కానీ తర్వాతి కాలపు భవనాలకు సెల్లార్లు తవ్వినప్పుడే సమాధులన్నీ పోయి ఉంటాయని తేల్చేశారు.

అసలు తప్పు ఇక్కడే జరిగింది. అది పల్లపు నేల. తర్వాత కొన్నిచోట్ల పాతిక అడుగుల దాకా మట్టి పోసి ఎత్తు చేశారు. పైన పది పన్నెండు అడుగుల సెల్లారు తవ్వినంత మాత్రాన అడుగున ఉన్న సమాధి చెదరదు. పాత పటాన్ని కొత్త పటం మీద పెట్టి చూస్తే చాలదు, అప్పటి నేలమట్టాన్ని ఇప్పటి మట్టంతో పోల్చాలి. అక్కడక్కడా బోర్లు వేసి పోసిన మట్టి ఎక్కడ ఆగిందో, సహజమైన నేల ఎక్కడ మొదలైందో చూడాలి. ఆ మట్టం దగ్గరపడ్డాక పళ్లు లేని బకెట్ తగిలించి పొరలు పొరలుగా గీకాలి. గొయ్యి తీసి పూడ్చిన మట్టిలో రెండు మూడు రంగులు కలిసిపోయి, చుట్టూ ఉన్న నేలలో పొడవాటి మచ్చలా కనిపిస్తుంది. అది కనబడగానే యంత్రాన్ని ఆపి తాపీలు, వెదురు పుల్లలు, కుంచెలు పట్టుకోవాలి. తడి నేలలోని ఎముకకు ఎండ తగిలితే పగుళ్లిస్తుంది, కాబట్టి పైన నీడ వేసి నెమ్మదిగా ఆరనివ్వాలి. గడువుల తొందరలో ఇవేవీ సాగవు. 1992 ఫిబ్రవరిలో పాత డ్రాయింగు పట్టుకుని పునాది కాంక్రీటు పోసేశారు, కొన్ని సమాధులు నాశనమయ్యాయి. తీసిన ఎముకలను మొదట్లో వార్తాపత్రికల్లో చుట్టి అట్టపెట్టెల్లో పెట్టారు. ఆమ్లం ఉండే కాగితం, లోపల చెమ్మ. బూజు పట్టడానికి ఇంకేం కావాలి?

నిరసనలు పెరిగి, అమెరికా ప్రతినిధుల సభలో ప్రభుత్వ భవనాల ఉపసంఘం అధ్యక్షుడు గస్ సావేజ్ నిధులు ఆపేస్తానని హెచ్చరించాకే ఆ జూలైలో తవ్వకం ఆగింది. టవర్ ఎలాగూ లేచింది, దాని పక్కన తలపెట్టిన నాలుగంతస్తుల కట్టడం మాత్రం రద్దయింది. 1993లో అస్థికలు హోవార్డ్ విశ్వవిద్యాలయంలో మానవశాస్త్రవేత్త మైకేల్ బ్లేకీ బృందం చేతికి వెళ్లాయి. అలా తవ్వి తీసిన 419 మందిలో చాలా మంది పిల్లలున్నారని, పెద్దల మెడ ఎముకల్లో, వెన్నుపూసల్లో మోయలేని బరువులు మోసిన గుర్తులున్నాయని తెలిసింది ఆ పరిశోధన వల్లే. మీ వ్యాసంలో దాని ఊసే లేదు! 2003 అక్టోబరులో ఘనాలో చెక్కించిన పెట్టెల్లో వారిని మళ్లీ అక్కడే పూడ్చారు. 2006లో గానీ జాతీయ స్మారకం హోదా రాలేదు. ఇన్నేళ్లు పోరాడినవాళ్ల పేరెత్తకుండా ఘనతంతా ప్రభుత్వానికి రాసివ్వడం అన్యాయం.

మిగిలిన వేల సమాధులు ఇప్పటికీ అక్కడి రోడ్ల కింద, భవనాల కింద ఉన్నాయి. నీళ్ల పైపు కోసం చిన్న గొయ్యి తీసినా పురావస్తు నిపుణుడు పక్కన నిలబడి చూడాల్సిన చోటది. ఏ దేశంలోనైనా అధికారులు టెండర్లు పిలిచాక సర్వే గురించి ఆలోచిస్తారు, కాంక్రీటు పడ్డాక విచారం వ్యక్తం చేస్తారు. పరిరక్షణకయ్యే ఖర్చునూ సమయాన్నీ మొదటి అంచనాల్లోనే చేర్చమని ఎన్నిసార్లు చెప్పాలి?

ఈ స్మారకం ఉన్న డుయేన్ వీధికి అవతలి పక్కనే 26 ఫెడరల్ ప్లాజా, ఇమిగ్రేషన్ కార్యాలయం. పౌరసత్వ ఇంటర్వ్యూలకు అక్కడికి వెళ్లే తెలుగువాళ్లు మీ పత్రిక చదువుతారు. ఏ వార్తా ఏజెన్సీ కథనాన్నో తెలుగులోకి మార్చి అచ్చువేసే ముందు ఒక్కసారి సరిచూడండి. వచ్చే ఆదివారం అదే పేజీలో సవరణ వేయండి. అందులో నిరసనకారుల పాత్రతో పాటు 1992 నాటి కాంక్రీటు సంగతి కూడా ఉండాలి.

– ఒక పాఠకుడు, గుంటూరు