గుడ్డ వెనక్కి అడగని వాళ్లందరికీ కృతజ్ఞతలు

నేను కాజీపేటలో ఇరవై రెండేళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. గత ఏడాది నాకేమైందో షాపుకు వచ్చేవాళ్లలో చాలామందికి సగం సగం తెలుసు. మిగతా సగం నేనే చెప్పాలని, అప్పుడు నా పక్కన నిలబడ్డ వాళ్లకు చేతులెత్తి మొక్కాలని ఇది రాస్తున్నాను. పేర్లు రాయడం లేదు. ఎవరి మాట ఏదో చదివితే వాళ్లకే తెలుస్తుంది.

జూన్‌లో కుడి కంటికి శుక్లం ఆపరేషన్ కోసం వెళ్తే, ముందు చేసే రక్త పరీక్షలో హెపటైటిస్ సి అని వచ్చింది, అంటే కాలేయాన్ని పాడుచేసే వైరస్ జబ్బు. షుగర్ ఉందని తొమ్మిదేళ్లుగా తెలుసు కానీ ఈ జబ్బు పేరు అదే మొదటిసారి వినడం. అక్కడివాళ్లు ఆపరేషన్ చేయలేమని చెప్పి కాగితం చేతిలో పెట్టారు. ఎక్కడికి వెళ్లాలో చెప్పలేదు. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ నిద్రపోలేదు.

దారి చూపింది మా వీధి ఆశా అమ్మాయి. తెల్లారే వచ్చి నన్ను ఆటో ఎక్కించుకుని ప్రభుత్వ ఆసుపత్రిలో హెపటైటిస్ చూసే గదికి తీసుకెళ్లింది. అక్కడి కౌన్సెలర్ మేడమ్ మొదట అడిగిన మాట, "ఎప్పుడైనా రక్తం ఎక్కించారా అమ్మా?" అని. 1996లో రెండో కాన్పుకు రెండు సీసాలు ఎక్కించారు. ఈ వైరస్‌ను కనిపెట్టిందే 1989లో అని, దానం చేసిన రక్తానికి అప్పట్లో ఈ పరీక్ష తప్పనిసరి కాదని ఆమె చెప్పింది. అన్నేళ్లు లోపల చప్పుడు లేకుండా ఉండిపోయింది. "ఇందులో నీ తప్పేం లేదు" అంది. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు అక్కడ బయటికొచ్చింది. ఆమె తొందరపెట్టలేదు. నీళ్లిచ్చి, నేను తేరుకునే దాకా కూర్చుంది.

రక్తంలో వైరస్ ఎంతుందో చూసే వైరల్ లోడ్ పరీక్ష చేశారు, హెపటైటిస్ బి ఉందేమో చూశారు, కాలేయం ఎంత గట్టిపడిందో చూసే ఫైబ్రోస్కాన్ తీశారు. స్కాన్‌లో 8.6 వచ్చింది. కాలేయం గట్టిపడటం మొదలైందని, ఇంకా సిర్రోసిస్ దాకా, అంటే కాలేయం పూర్తిగా మచ్చలు కట్టే దాకా పోలేదని డాక్టర్ సారు చెప్పారు. కొవ్వు కూడా పట్టిందట. షుగర్‌కూ దీనికీ లంకె ఉందని ఆరోజే తెలిసింది. ఈ వైరస్ ఉంటే శరీరం ఇన్సులిన్ మాట సరిగ్గా వినదు, షుగర్ అదుపు తప్పుతుంది. అటు షుగరూ కొవ్వూ కలిసి కాలేయాన్ని ఇంకా తొందరగా గట్టిపరుస్తాయి. "వైరస్‌కు మందు నేనిస్తా, కొవ్వుకు మందు నీ కాళ్లే" అన్నారు. పసరు మందుల జోలికి పోవద్దని, పెళ్లైనా బోనాలైనా కల్లు ముట్టొద్దని గట్టిగా చెప్పారు.

సోఫోస్‌బువిర్, డక్లాటస్‌విర్. రోజుకు రెండు మాత్రలు, 84 రోజులు. ఒక్క రూపాయి తీసుకోలేదు. జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం 2018 జూలై 28న మొదలైందట, పరీక్షలూ మందులూ దాని కిందే వస్తాయి. నాలాంటి కుట్టుపని మనిషికి ఇది ఎంత పెద్ద సాయమో మాటల్లో చెప్పలేను. మందులిచ్చే సారు నా బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ చీటీలన్నీ ముందేసుకుని, దేనితోనైనా పడకపోతుందేమోనని ఒక్కొక్కటి చూశాకే మొదటి డబ్బా ఇచ్చారు.

అసలు కష్టం మందులు కాదు. మాది సూదితో పని. రోజుకు ఒక్కసారైనా వేలికి గుచ్చుకుంటుంది, గుడ్డ మీద చుక్క పడుతుంది. ఆ చుక్క గుర్తొచ్చి పది రోజులు మిషన్ ముట్టలేదు. మళ్లీ వెళ్లి అడిగితే మేడమ్ ఓపికగా చెప్పింది. రక్తం పోయి రక్తంలో కలిస్తేనే వస్తుంది, కలిసి తింటే రాదు, ముట్టుకుంటే రాదు, నువ్వు కుట్టిన జాకెట్ తొడుక్కుంటే రాదు. కానీ బయట పడిన రక్తంలో వైరస్ కొన్ని రోజులు బతుకుతుంది కాబట్టి బ్లీచింగ్ నీళ్లతో తుడవాలి, సూదులు పంచుకోకూడదు. ఆరోజు నుంచి నా దగ్గర పని నేర్చుకునే ఇద్దరు పిల్లలకు సూదులూ గుండుసూదులూ వేరుగా ఇచ్చాను. వాళ్లిద్దరూ పని మానలేదు. బతుకమ్మ సీజన్‌లో నాకు అలసటగా ఉంటే రాత్రి తొమ్మిది దాకా కూర్చుని హుక్కులు కుట్టారు. బిడ్డల్లారా, మీ రుణం పెద్దది.

ఇంకో సంగతి తెలిసి నేనూ మా అత్తమ్మా వణికిపోయాం. ఇంట్లో ఇద్దరం షుగర్ చూసుకోవడానికి వేలు పొడిచే పెన్ను ఒకటే వాడేవాళ్లం, ఒక్కోసారి సూది కూడా మార్చేవాళ్లం కాదు. అత్తమ్మకు, మా ఆయనకు, పిల్లలకు అందరికీ పరీక్ష చేయించాం. ఎవరికీ లేదు. ఆ కాగితాలు చూసి దేవుడి ముందు దీపం పెట్టాను. షుగర్ ఉన్నవాళ్లు రెండు పనులు ఆపైనా దీని గురించి ఆలోచించండి, ఎవరి పెన్ను వాళ్లకే ఉండాలి.

విషయం బయటికి పొక్కాక నలుగురైదుగురు వచ్చి కుట్టకుండా ఉన్న గుడ్డలు వెనక్కి తీసుకెళ్లారు. వాళ్ల మీద నాకు కోపం లేదు, భయం అలాంటిది. చుట్టాలింట్లో ఒక ఫంక్షన్‌లో నాకు పేపర్ ప్లేట్ వేరుగా పెట్టారు. డెబ్బై ఆరేళ్ల మా అత్తమ్మ లేచి వచ్చి నా పక్కన కూర్చుంది. నా ప్లేటులోంచే ముద్ద తీసుకుని, "నా కోడలుకు లేని ఎంగిలి మీకెక్కడిది?" అంది అందరికీ వినపడేలా. అత్తమ్మా, నీకు ఫోన్‌లో చదవడం రాదు, ఇది నీకు చదివి వినిపిస్తాను.

ఇక నడక. వారానికి 150 నిమిషాలన్నారు సారు. పొద్దంతా మిషన్ మీద కూర్చునేదాన్ని, మొదటి రోజు వడ్డేపల్లి చెరువు కట్ట మీద పది నిమిషాలకే ఆయాసం వచ్చింది. అక్కడ రోజూ నడిచే నలుగురు అక్కలు నన్ను కలుపుకున్నారు. నాతో పాటు నిదానంగా నడిచారు, నా కోసం ఆగారు. ఆరో వారంలో ఒకరోజు షుగర్ మాత్ర వేసుకుని, చక్కెర లేని టీ తాగి వెళ్లాను. సగం కట్ట దాటాక చేతులు వణికాయి, చల్లటి చెమట పట్టింది, మాట తడబడింది. రిటైర్డ్ నర్సు అక్క చూడగానే అర్థం చేసుకుని సంచిలోంచి గ్లూకోజ్ పొడి తీసి నీళ్లలో కలిపి తాగించింది. ఆమె దగ్గరున్న షుగర్ మిషన్‌లో చూస్తే 58, బాగా పడిపోయింది. ఆరోజు ఆమె లేకపోతే ఏమయ్యేదో.

సారు దగ్గరికి వెళ్తే, వైరస్ తగ్గుతుంటే ఇన్సులిన్ బాగా పని చేస్తుందని, దానికి నడక తోడైతే పాత మోతాదు ఎక్కువవుతుందని చెప్పారు. నేను వేసుకునే షుగర్ మాత్ర గ్లిమెపిరైడ్ సగానికి తగ్గించి, నడిచి వచ్చాక టిఫిన్‌తో వేసుకోమన్నారు. షుగర్ ఉండి ఈ చికిత్సలో ఉన్నవాళ్లు రోజూ చూసుకోండి, జేబులో తీపి ఏదైనా పెట్టుకోండి. మందు మీకై మీరు తగ్గించకండి, డాక్టర్‌ను అడగండి. ఇప్పుడు నేను రాత్రి భోజనం అయ్యాక కూడా పావుగంట నడుస్తాను, అరగంటకోసారి మిషన్ మీంచి లేస్తాను. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చుంటాను, అది కూడా కట్ట మీది అక్కలు నేర్పిందే. రాత్రికి అన్నం బదులు జొన్నరొట్టె. 74 కిలోల నుంచి 69కి వచ్చాను, మూడు నెలల షుగర్ 8.4 నుంచి 7.1కి దిగింది.

మందులు అయిపోయాక పన్నెండు వారాలు ఆగి మళ్లీ వైరల్ లోడ్ చూస్తారు. సంక్రాంతికి నాలుగు రోజుల ముందు ఫలితం వచ్చింది. వైరస్ లేదు. మామూలు పరీక్ష వైరస్‌ను కాకుండా దాని మీద ఒంట్లో తయారైన యాంటీబాడీలను చూస్తుంది కాబట్టి జీవితాంతం పాజిటివ్ అనే చూపిస్తుందట, అందుకే ఈ కాగితం జిరాక్స్ నా పర్సులోనే ఉంటుంది. అది చూపించే ఫిబ్రవరిలో కంటి ఆపరేషన్ చేయించుకున్నాను. సూదిలో దారం మళ్లీ నేనే ఎక్కిస్తున్నాను.

చివరగా మా సందు మొదట్లో ఉండే అక్క గురించి. గుడ్డలు వెనక్కి పోయిన మర్నాడే తను బిడ్డ పెళ్లివి పదకొండు జాకెట్లు తెచ్చి నా టేబుల్ మీద పెట్టింది. నాకు నోట మాట రాలేదు. "దాని కొలతలు నీకు తెలుసు, ఇంకెవరి దగ్గరికి పోతం?" అంది. శ్రావణంలో పెళ్లైన ఆ పిల్లకు ఇప్పుడు ఏడో నెల. సీమంతం జాకెట్ గుడ్డ నిన్న తెచ్చిచ్చారు. ఈసారి కొలతలు కొత్తగా తీసుకోవాలి, రేపు పొద్దున నడక అయ్యాక వాళ్లింటికి వెళ్తున్నాను.