కొలత ఇచ్చినవారికి ఫలితం చెప్పాలి

సంపాదకులకు నమస్కారం.

పర్యావరణ ఎపిడెమియాలజీపై త్వరలో జరగనున్న ప్రాంతీయ శాస్త్ర సదస్సు గురించి మీ పత్రికలో చదివాను. గాలిలో, నీటిలో, మట్టిలో కలిసిన పదార్థాలు ఏ జబ్బులకు ఎంతమేరకు కారణమవుతున్నాయో వేలమంది ఆరోగ్య వివరాలను దగ్గర పెట్టుకుని తేల్చే శాస్త్రమిది. ఆ పని చేసేవారంతా ఒకచోట కూర్చుని మాట్లాడుకోవడం సంతోషించదగిన విషయం. అయితే నిర్వాహకులకు మీ ద్వారా ఒక విన్నపం చేయదలచుకున్నాను. సదస్సులో సమర్పించే ప్రతి పత్రంలోనూ, ఆ అధ్యయనంలో పాల్గొన్న ప్రజలకు ఫలితాలను ఎప్పుడు, ఏ భాషలో, ఏ విధంగా తెలియజేశారో విధిగా రాయాలని నియమం పెట్టండి.

ఇలా అడగడానికి నా అనుభవమే కారణం. కొన్నేళ్ల క్రితం ఒక అధ్యయన బృందం మా ఇంటికి వచ్చింది. వంటకు ఏ ఇంధనం వాడుతున్నాం, ఇంట్లో పొగతాగేవారు ఉన్నారా, ఆ ఇంట్లో ఎన్నేళ్లుగా ఉంటున్నాం వంటి ప్రశ్నలు గంటకు పైగా అడిగి రాసుకున్నారు. రక్తం, మూత్రం తీసుకున్నారు. గోళ్లు కత్తిరించి చిన్న కాగితపు కవరులో వేసుకున్నారు. వంటగది గోడకు గాలిని పీల్చే ఒక చిన్న పంపు తగిలించి, దానికి తెల్లని వడపోత కాగితం బిగించి వెళ్లారు. అది రాత్రంతా సన్నగా రొద చేస్తూనే ఉంది. మర్నాడు విప్పి తీసేసరికి ఆ కాగితం మీద గుండ్రంగా బూడిదరంగు మచ్చ పడి ఉంది. ఎంత ధూళి పట్టిందని అడిగితే, ప్రయోగశాలలో తూచి చెబుతామన్నారు. ఆ తరువాత ఎవరూ రాలేదు, ఉత్తరమూ రాలేదు. మా ఇంటికి వచ్చిన యువతీయువకులను నేను తప్పుపట్టను. వారు ఎంతో శ్రద్ధగా, మర్యాదగా పనిచేశారు. ఫలితం చెప్పవలసిన బాధ్యతను వారిలో ఎవరికీ అప్పగించి ఉండరు.

1854లో లండన్‌లో బ్రాడ్ స్ట్రీట్ పంపు నీటికీ కలరా మరణాలకూ సంబంధం ఉందని వైద్యుడు జాన్ స్నో చూపిన వైనం ఈ రంగంలో అందరికీ తెలిసిందే. అదే పేటలో పనిచేసిన హెన్రీ వైట్‌హెడ్ అనే యువ పాదిరి పేరు మాత్రం అంతగా వినపడదు. ఆయన మొదట స్నో వాదనను నమ్మక, అది తప్పని చూపడానికే ఇల్లిల్లూ తిరిగాడు. ఆ కుటుంబాలతో ముందే పరిచయం ఉండడం వల్ల, స్నోకు అందని ఎన్నో వివరాలు ఆయనకు అందాయి. పంపు పక్క ఇంట్లో జబ్బుపడి చనిపోయిన పసిబిడ్డ గుడ్డలు నానబెట్టిన నీళ్లను ఆ ఇంటి మురుగుగుంటలో పోశారని తెలుసుకున్నది ఆయనే. తవ్వి చూస్తే ఆ గుంట, పంపు నీళ్లు తోడే బావికి మూడడుగుల లోపే ఉంది. ఆ బిడ్డ తల్లి నోరు విప్పబట్టే ఆ ఆధారం దొరికింది. ఒకసారి వివరాలిచ్చి ఏ జవాబూ పొందనివారు మరోసారి అంత మనసుపెట్టి మాట్లాడతారని నేను అనుకోను.

ఫలితం చెప్పడం సాధ్యం కాని పనేమీ కాదు. బంగ్లాదేశ్‌లో అతిసారం నుంచి పిల్లలను కాపాడాలని 1970ల నుంచి పెద్దయెత్తున గొట్టపుబావులు వేశారు. ఆ నీటిలో ఆర్సెనిక్ అనే విషపదార్థం ఉందని 1993లో బయటపడింది. తరువాత దాదాపు 50 లక్షల బావులను పరీక్షించి, లీటరుకు 50 మైక్రోగ్రాములు మించిన వాటికి ఎర్రరంగు, మిగిలిన వాటికి ఆకుపచ్చ రంగు పూశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించే పరిమితి 10 మైక్రోగ్రాములే కనుక ఆకుపచ్చ రంగు పూర్తి భరోసా ఇవ్వదన్నది నిజమే. అయినా చదువురానివారికి కూడా తమ బావి సంగతి కళ్లెదుటే తెలిసింది. ఎర్రరంగు చూసి ఎన్నో కుటుంబాలు వేరే బావి నీళ్లకు మారాయి.

దీనికి విరుద్ధంగా జపాన్‌లోని మినమాటాలో ఏం జరిగిందో చూడండి. 1956లో అక్కడ నరాలను దెబ్బతీసే ఒక వ్యాధి అధికారికంగా నమోదైంది. కారణం సేంద్రియ పాదరసమని 1959లో కుమమోతో విశ్వవిద్యాలయ పరిశోధకులు చెప్పారు. అదే ఏడాది, ఆ పాదరసాన్ని సముద్రంలోకి వదిలిన రసాయన కర్మాగారపు ఆసుపత్రి వైద్యుడే అక్కడి వ్యర్థజలాన్ని పిల్లికి తినిపించి, అదే జబ్బు రావడం చూశాడు. ఆ ప్రయోగ ఫలితాన్ని కంపెనీ బయటపెట్టలేదు. ప్రభుత్వం కారణాన్ని అంగీకరించింది 1968లో. అన్నాళ్లూ అక్కడి మత్స్యకార కుటుంబాలు ఆ సముద్రపు చేపలనే తింటూ వచ్చాయి.

ఒక ఇంట్లో ఒక్కరోజు తీసిన కొలతతో ఒక మనిషి జబ్బుకు కారణం చెప్పలేమని, చెబితే అనవసరంగా భయపడతారని శాస్త్రవేత్తలు అనవచ్చు. మొదటి మాట సరైనదే. అమెరికాలో గాలి కాలుష్యంపై జరిగిన ఆరు నగరాల అధ్యయనం 8,111 మందిని 14 నుంచి 16 ఏళ్లపాటు గమనించాకే, అన్నిటికంటే ఎక్కువ కాలుష్యం ఉన్న నగరంలో మరణాల రేటు అన్నిటికంటే తక్కువ కాలుష్యం ఉన్న నగరం కంటే 26 శాతం అధికమని 1993లో చెప్పగలిగింది. ఆ పరిమితినే మాకు వివరించండి, అర్థం చేసుకుంటాం. మా ఇంటి అంకెతో పాటు, సూక్ష్మధూళి వార్షిక సగటు ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించిందని, మా కొలత ఒక్కరోజుదే కనుక దాన్ని సూటిగా ఈ సగటుతో పోల్చలేమని రెండు వాక్యాల్లో రాస్తే చాలు. భయం సంగతి అంటారా, ఏమీ చెప్పకుండా వదిలేసిన మనిషికి కలిగే భయం అంతకంటే పెద్దది.

కాబట్టి సదస్సులో కనీసం ఒక పూట అధ్యయనాల్లో పాల్గొన్నవారి కోసం కేటాయించి, ప్రవేశ రుసుము లేకుండా పిలిచి, వారి భాషలో మాట్లాడి, వారి ప్రశ్నలను కార్యక్రమ నివేదికలో చేర్చాలని కోరుతున్నాను. ప్రతి పత్రానికీ ఒక పేజీ సారాంశం స్థానిక భాషలో రావాలి. వ్యక్తుల వివరాలు బయటపడకుండా, ఏ ప్రాంతంలో ఏ కొలత వచ్చిందో అందరికీ అందుబాటులో ఉంచాలి.

మా ఇంటికి వచ్చిన బృందంలోనివారు ఎవరైనా ఈ సదస్సుకు హాజరవుతుంటే, ఆలస్యమైనా సరే, ఆ కాగితం మీద తూచిన లెక్క పంపమని మనవి. వారు రాసుకున్న చిరునామాలోనే ఇప్పటికీ ఉంటున్నాం.

భవదీయ,
ఒక పాఠకురాలు