మందుల అల్మారా నిండాకే బస్తీ క్లినిక్ తెరవండి

సంపాదకులకు నమస్కారం.

హైదరాబాద్ బస్తీలైన అడ్డగుట్టలోనో రసూల్‌పురాలోనో మానసిక ఆరోగ్య క్లినిక్ పెడదామని ఎవరు ముందుకొచ్చినా మొదట సైకియాట్రిస్టు కోసం వెతుకుతారు. డాక్టరు వారానికి రెండు సాయంత్రాలు వచ్చినా క్లినిక్ నడుస్తుంది. మందుల అల్మారా రెండు వారాలు ఖాళీగా ఉంటే నడవదు. స్కిజోఫ్రీనియా, బైపోలార్ లాంటి తీవ్ర మానసిక జబ్బులకు వాడే మందులు మధ్యలో ఆగితే జబ్బు తిరగబెడుతుంది. కూలి పోగొట్టుకుని ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రి దాకా వెళ్లలేకనే కదా రోగి బస్తీలోనే వైద్యం కావాలంటున్నది!

మూడు నెలల సరుకు చేతిలో లేకుండా తలుపు తెరవొద్దు. దిగులుకు ఇచ్చే ఫ్లూయాక్సెటిన్ 20 మిల్లీగ్రాముల క్యాప్సూల్ రోజుకొకటి వాడేవాళ్లు 30 మంది ఉంటే మూడు నెలలకు 2,700 కావాలి. నిల్వ 1,800కు దిగిన రోజే కొత్త సరుకుకు ఇండెంట్ (కోరిక పత్రం) పెట్టాలి. 900 దాకా ఆగితే సరుకు వచ్చేలోపే అడుగంటుతుంది. నిద్రమాత్రల్లాంటివి విడిగా తాళం వేసి, రిజిస్టర్లో ప్రతి మాత్రకూ లెక్క రాయాలి.

బైపోలార్ జబ్బుకు ఇచ్చే లిథియం సంగతి వేరు. చివరి డోసు వేసుకున్న 12 గంటలకు రక్తం తీసి స్థాయి చూసే ఏర్పాటు లేకపోతే ఆ మందు మొదలుపెట్టనే కూడదు. మే నెల ఎండలో సెంట్రింగ్ పనికి పోయే మనిషి చెమటతో ఒంట్లో నీరు తగ్గి, పైగా ఒళ్లునొప్పులకు మెడికల్ షాపులో ఐబుప్రోఫెన్ కొని వేసుకుంటే రక్తంలో లిథియం పెరిగి విషమవుతుంది. చేతులు బాగా వణుకుతాయి, వాంతులు, విరేచనాలు అవుతాయి, మాట ముద్దగా వస్తుంది, నడక తూలుతుంది. చూసినవాళ్లు తాగొచ్చాడనుకుంటారు. ఈ గుర్తులు ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి ఉంచాలి.

చోటు కోసం కొత్త భవనం అక్కర్లేదు. 2018 నుంచి నగరంలో ప్రభుత్వ బస్తీ దవాఖానాలున్నాయి. అవి పగలు నడిచేవి, అడ్డా కూలీలు ఇల్లు చేరేది సాయంత్రం. అవే గదుల్ని 5 నుంచి 8 దాకా వాడుకోవచ్చు. కొత్తవారికి 40 నిమిషాలు, పాతవారికి 10 నిమిషాలు చొప్పున ఆ మూడు గంటల్లో ఇద్దరు కొత్తవారిని, పదిమంది పాతవారిని చూడగలరు. ముప్పై మందిని చూడమని ఒత్తిడి తెస్తే అది మందుచీటీలు రాసే కౌంటర్ అయిపోతుంది.

గదిలో ఒక్క మార్పు మాత్రం తప్పదు. ప్లైవుడ్ పార్టిషన్ కట్టి, గాలి ఆడాలని పైన రెండడుగులు వదిలేస్తుంటారు. లోపలి మాటలన్నీ అక్కణ్నుంచే బయట బెంచీ మీదికి వస్తాయి. ఆ బెంచీ మీద కూర్చునేది పక్కింటివాళ్లే. పార్టిషన్ పైకప్పు దాకా కట్టి, బెంచీని దూరం జరిపి, మధ్యలో చప్పుడు చేసే టేబుల్ ఫ్యాన్ ఒకటి పెట్టండి. చికిత్స గోప్యంగా ఉంచడం 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇచ్చిన హక్కు కూడా.

మన దగ్గర కల్లు కాంపౌండ్ల సంగతి తెలియని కౌన్సెలర్ ప్రమాదమే తెచ్చిపెడతాడు. కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డయాజెపాం లాంటి మత్తుమందులు కలుపుతారు. ఏళ్లతరబడి తాగినవాళ్లను ‘రేపట్నుంచి మానెయ్’ అంటే నిద్ర పట్టదు, లేనివి కనిపిస్తాయి, ఫిట్స్ వస్తాయి. డాక్టరు పర్యవేక్షణలో మందిచ్చి మెల్లగా తగ్గించాలి. ఇదివరకు ఫిట్స్ వచ్చినవాళ్లను ఆస్పత్రిలోనే చేర్చాలి.

దిగులు మందులతో కడుపులో తిప్పడం మొదటి వారంలోనే మొదలవుతుంది, గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. పదో రోజుకు మానేసేది అందుకే. నాలుగో రోజున ఫోన్ చేసే మనిషి ఒకరు ఉండాలి, జీతమిచ్చి పెట్టుకోవాలి. ఫోన్ ఇంటిల్లిపాదికీ ఒకటే కావచ్చు కాబట్టి ‘దవాఖానా నుంచి’ అని తప్ప ఇంకేమీ చెప్పకూడదు.

దిగులు ఎంతుందో కొలిచే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళిలో తొమ్మిది ప్రశ్నలు. వాటిని తెలుగులోనూ దక్కనీలోనూ నోటితో అడగాలి. ‘దిగులుందా’ అంటే లేదనేవాళ్లు ‘ఘబ్రాహట్ (కంగారు) ఉందా, గుండె దడదడలాడుతోందా’ అంటే చెప్తారు. చనిపోవాలన్న ఆలోచన గురించి అడిగే తొమ్మిదో ప్రశ్నకు సున్నా (అస్సలు లేదు) కాకుండా వేరే జవాబు వస్తే, మొత్తం మార్కులు ఎన్నయినా సరే, ఆ రోజే డాక్టరు మాట్లాడాలి. అలాంటివారికి నెల మందులు ఒకేసారి ఇవ్వొద్దు, వారానికే ఇవ్వాలి. దిగులుకే ఇచ్చే అమిట్రిప్టిలిన్ ఎక్కువ మింగితే గుండె ఆగే ముప్పుంది. క్లినిక్ మూసి ఉండే రాత్రివేళ కోసం ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416ను ప్రతి చీటీ పైన పెద్ద అంకెల్లో అచ్చువేయించాలి.

– బస్తీ మానసిక ఆరోగ్య సేవల్లో పనిచేస్తున్న నర్సులు, కౌన్సెలర్లు, హైదరాబాద్