మన పోరడు హాకీలో ఎక్కడ ఆడాలి?

హనుమకొండ,
ఆదివారం రాత్రి

దోస్తూ,

మొన్న ఫోన్లో "పోరడిని రూర్కెలాకు పంపు, మిగతాది నేను చూసుకుంటా" అని ఒక్క ముక్క అనేసి, డ్యూటీ టైమ్ అయిందని పెట్టేశావు. ఆ రాత్రంతా నాకు అదే ఆలోచన. వాయిస్ మెసేజ్ పెడితే సగం విని వదిలేస్తావని తెలుసు, అందుకే కాగితం పట్టుకున్నా. కొంచెం పొడుగే అవుతుంది, తీరిగ్గా చదువు.

మీ అమ్మ బాగుంది. మేడారం పోయొచ్చింది, నీ పేరు మీద కూడా బంగారం సమర్పించిందట. అటు వచ్చేవాళ్లు ఎవరన్నా ఉంటే ప్రసాదం పంపిస్తానంది. మోకాళ్ల నొప్పి మాత్రం అట్లాగే ఉంది. డాక్టర్ దగ్గరికి పోదాం రమ్మంటే నా మాట వినడం లేదు, నువ్వే గట్టిగా చెప్పు.

ఇక అసలు సంగతి. గ్రౌండ్ బయట టీ కొట్టు దగ్గర సాయంత్రమైతే చాలు, పోరడి మీదే పంచాయితీ. దసరా తర్వాత కోచ్ సార్ వాడిని ముందు వరసలో సెంటర్ ఫార్వర్డ్ నుంచి తీసి మైదానం మధ్యలో సెంటర్ హాఫ్‌లో పెట్టాడని చెప్పాను కదా, అక్కడ మొదలైంది. కుర్రవాళ్లంతా సార్ మీద కోపంగా ఉన్నారు. "అన్నా, వాడు గోల్ ముందటి డీలోకి వచ్చిండంటే గోలే. అసుంటోన్ని ఎనకకు గుంజుతరా ఎవరన్నా?" అంటారు. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. వాడు గోల్ కొట్టిన సాయంత్రాలు ఈ గ్రౌండ్ ఎట్లా ఊగిపోయిందో నేనూ చూశా, ఈలలు వేసినవాళ్లలో నేనూ ఉన్నా. కాజీపేట కాకా మాత్రం ఒక్కటే మాట మీద ఉన్నాడు: "గోల్ కొట్టేటోళ్లు ఊరికి పదిమంది దొరుకుతరు బిడ్డా. ఆటను నడిపేటోడు దొరకడు." రైల్వేలో ఆడి, రైల్వేలోనే రిటైరైన మనిషి. ఆయన మాట్లాడితే కుర్రవాళ్లు కాసేపు ఊరుకుంటారు, టీ గ్లాసు కింద పెట్టగానే మళ్లీ మొదలు.

నేను కాకా వైపు. ఎందుకో చెప్తా విను.

సంక్రాంతి సెలవుల్లో కరీంనగర్ పిల్లలతో ఫ్రెండ్లీ మ్యాచ్ ఆడారు. మన ఫుల్ బ్యాక్ ఎడమ వైపు నుంచి గట్టిగా ఒక పాస్ కొట్టాడు. గుంతలో పడి బాల్ కాస్త ఎగిరింది కూడా. అది ఇంకా దారిలో ఉండగానే మనోడు తల తిప్పి కుడి భుజం మీదుగా వెనక్కి ఒకసారి చూశాడు. మళ్లీ బాల్ వైపు, మళ్లీ ఒకసారి వెనక్కి. వాళ్ల హాఫ్ ఎంత దగ్గరికి వచ్చాడో, కుడి అంచున ఆడే మన రైట్ ఔట్ ఎక్కడ నిలబడ్డాడో అప్పటికే వాడికి లెక్క తేలిపోయింది. బాల్‌ను ఆపనే లేదు. స్టిక్ కొంచెం వాల్చి, తన ముందు నుంచి కుడి వైపుకు జారనిచ్చాడు. మీదికి ఉరికొచ్చినవాడి స్టిక్కుకు ఉత్త మట్టి తగిలింది. తర్వాత ఒక్క పుష్, రైట్ ఔట్‌కు రెండు గజాలు ముందుగా. ఆ పిల్లవాడు పరుగు తగ్గించకుండానే అందుకున్నాడు. చివర్లో షాట్ బయటికి పోయింది, గోల్ కాలేదు. అందుకే టీ కొట్టు దగ్గర ఎవరికీ ఆ మూవ్ గుర్తు లేదు. కాకా మాత్రం నా మోచెయ్యి గట్టిగా పట్టుకుని "చూసినవా, చూసినవా" అన్నాడు.

అట్లా వెనక్కి చూడటం ఎవరు నేర్పారని సార్‌ను అడిగాను. తను నేర్పలేదన్నాడు. వాడికి పదహారేళ్లు. ఆ చూపు ఉన్న పిల్లవాడిని డీ దగ్గర నిలబెట్టి, ఎవరో బాల్ ఇచ్చేదాకా ఎదురుచూడమనడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. వాడిని కూడా అడిగాను, "నీకు ఎక్కడ ఆడాలని ఉంది?" అని. సిగ్గుపడి నేల చూస్తూ "బాల్ ఎక్కువసార్లు దొరికే కాడ సార్" అన్నాడు.

కుర్రవాళ్లు ఇంకో మాట అంటారు. గోల్స్ కొట్టకపోతే సెలెక్టర్ల కంట్లో ఎట్లా పడతాడని. ఆ మాటలో నిజం ఉంది, ట్రయల్స్ సంగతి నీకూ నాకూ తెలియనిది కాదు. పది నిమిషాలు ఆడిస్తారు, ఎవడు కొట్టాడో వాడి పేరు రాసుకుంటారు. కానీ పెద్ద ఆట అట్లా లేదురా. పారిస్ ఒలింపిక్స్‌లో అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టింది మన హర్మన్‌ప్రీత్, 10 గోల్స్. ఆయన ఆడేది డిఫెన్స్‌లో. 2016 రియోలో 11 గోల్స్‌తో మొదట నిలిచిన అర్జెంటీనా ఆటగాడు గొంజాలో పెయా కూడా డిఫెండరే. హాకీ ఇండియా లీగ్‌లో హైదరాబాద్ తూఫాన్స్‌కు ఆడాడు, 2025 ఫిబ్రవరి 1న మీ రూర్కెలా బిర్సా ముండా స్టేడియంలో బెంగాల్ చేతిలో 4-3తో ఫైనల్ పోగొట్టుకున్న జట్టులో నువ్వు కళ్లారా చూసినవాడే. పెనాల్టీ కార్నర్లో బాల్‌ను స్టిక్‌తో లాగి విసిరే డ్రాగ్ ఫ్లిక్ చేతిలో ఉంటే నువ్వు ఎక్కడ నిలబడ్డా గోల్ నీదే. సార్ వాడికి ఇప్పుడు అదే మొదలుపెట్టించాడు, వారంలో కొన్ని రోజులే, నడుము మీద భారం పడకుండా. ఈ వయసులో ఎక్కువ చేయిస్తే వెన్ను పోతుంది. అది మాత్రం ఎవరూ తొందరపెట్టకూడదు.

చోటు సంగతికి వస్తే, శ్రీజేష్‌ను చూడు. తిరువనంతపురంలో స్పోర్ట్స్ స్కూల్‌కు పోయింది పరుగు పందేలకు, లాంగ్ జంప్‌కు, వాలీబాల్‌కు. గోల్ కీపర్ ప్యాడ్స్ కట్టుకోమన్నది అక్కడి కోచ్. పిల్లవాడి కోరిక ఒకటి, కోచ్ కంటికి కనిపించింది ఇంకొకటి. రెండు ఒలింపిక్ కాంస్యాలు ఆ నిర్ణయం నుంచే వచ్చాయి. మన్‌ప్రీత్ సంగతి అయితే ఇంకా బాగా గుర్తుండాలి నీకు, ఆ రోజు ఇద్దరం ఫోన్ పెట్టకుండానే మ్యాచ్ చూశాం. పారిస్ క్వార్టర్ ఫైనల్లో బ్రిటన్ మీద, మన డిఫెండర్ రోహిదాస్‌కు రెడ్ కార్డ్ పడి, నలభై నిమిషాలకు పైగా పదిమందితో ఆడాం. ఏళ్ల తరబడి మిడ్‌ఫీల్డ్ ఆడిన మన్‌ప్రీత్ వెనక్కి పోయి డిఫెన్స్ కాశాడు. 1-1 దగ్గర నిలబడి షూటౌట్లో 4-2తో గెలిచాం. మధ్యలో ఆడి పెరిగినవాడికి మైదానం మొత్తం తెలుస్తుంది. ముందుకైనా వెనక్కైనా పోగలడు. మొదటి నుంచీ డీలోనే పెరిగిన వాడిని వెనక్కి తేవడం చాలా కష్టం.

అయితే వాడిలో లోపాలు లేవని కాదు. ఎడమ వైపు నుంచి వచ్చే ఆటగాడిని ఆపడం ఇంకా రావడం లేదు. హాకీ స్టిక్కుకు ఒక్క వైపే కదా చదును, రివర్స్‌లో టాకిల్ చేయాలంటే పాదాలు ముందే సర్దుకోవాలి. వీడు స్టిక్ ముందు విసురుతాడు, కాళ్లు తర్వాత వస్తాయి. నాలుగో క్వార్టర్ వచ్చేసరికి ఊపిరి అందదు. సన్నటి మనిషి. వాళ్ల నాన్న ఎనుమాముల మార్కెట్లో హమాలీ, ఇంట్లో ముగ్గురు పిల్లలు. రోజూ గుడ్లు, పాలు అంటే మాటలు కాదు. మనవాళ్లం కొందరం కలిసి నెలనెలా కొంత చూసుకుంటున్నాం, నీ పేరు కూడా రాశాను, మార్చి నుంచి పంపు.

ఇప్పుడు నీ రూర్కెలా మాట. ఇక్కడే మనిద్దరికీ తేడా.

వాడికి టర్ఫ్, అదే కృత్రిమ గడ్డి మైదానం, కావాలి. అందులో నీతో నాకు వాదన లేదు. ఒలింపిక్స్‌లో హాకీ టర్ఫ్ మీదికి పోయింది 1976 మాంట్రియల్లో. ఆ ఏడాదే మనం ఏడో స్థానంలో వచ్చాం. అది జరిగి యాభై ఏళ్లు, మన పిల్లలు ఇంకా మట్టిలోనే ఉన్నారు. మట్టి మీద బాల్ ఎటు దూకుతుందో తెలియదు, అందుకని మనవాళ్లంతా నడుము లేపి నిలబడి చూస్తారు. టర్ఫ్ మీద అది నేలను అంటుకుని బాణంలా వస్తుంది, మోకాళ్లు వంచి స్టిక్ కిందపెట్టి ఉండాలి. ఈ అలవాటు ఇరవై ఏళ్లు వచ్చాక మార్చుకోవడం గగనం. వాడి స్టిక్ ఒకసారి నీ చేతికిస్తే నీకే తెలుస్తుంది. కొస అంతా మట్టికి అరిగి లోపలి పోగులు బయటపడ్డాయి, దాని మీద టేప్ చుట్టి ఆడుతున్నాడు. రివర్స్‌లో కొట్టినప్పుడల్లా ఆ టేప్ ఊడి వేలాడుతుంది.

కానీ మీ వైపు పిల్లలు ఎట్లాంటి వాళ్లో నువ్వే చెప్పావు కదరా. మీ సుందర్‌గఢ్ జిల్లాలో నడక రాగానే చేతికి స్టిక్ వస్తుందని. ఆ గుంపులో వీడిని తీసుకుపోయి ట్రయల్స్‌లో నిలబెడితే ఏమవుతుంది? గోల్స్ కొట్టేవాడని చెప్పి పంపుతాం కాబట్టి ముందు వరసలోనే ఆడిస్తారు. అక్కడ వీడికంటే గట్టి ఫార్వర్డ్‌లు ఎంతోమంది. మూడు నెలలు బెంచీ మీద కూర్చుని, భాష రాక, అన్నం సయించక ఇంటికి వచ్చేస్తాడు. అట్లా పోయి తిరిగొచ్చి, మళ్లీ స్టిక్ ముట్టని పిల్లలు మనకు తెలిసినవాళ్లే ఉన్నారు. వాళ్ల మొహాలు నాకు ఇంకా గుర్తున్నాయి.

టీ కొట్టు దగ్గర వివేక్ సాగర్ పేరు తీస్తారు. పదిహేడేళ్లకే సీనియర్ టీమ్‌లో ఆడాడు కదా, మనోడు ఎందుకు ఆడడని. ఆడాడు, 2018లో. కానీ ఇటార్సీ దగ్గరి పల్లె నుంచి నేరుగా ఇండియా జట్టులోకి దూకలేదు. ధ్యాన్‌చంద్ కొడుకు అశోక్ కుమార్ కంటపడి, మధ్యప్రదేశ్ అకాడమీలో టర్ఫ్ మీద తేలాడు. ఇంకో సంగతి కూడా చెప్పాలి వాళ్లకు. 2021లో టోక్యోలో కాంస్యం గెలిచి వచ్చాక, ఆ ఏడాది చివర్లోనే భువనేశ్వర్‌లో జూనియర్ వరల్డ్ కప్‌కు కెప్టెన్‌గా ఆడాడు. ఒలింపిక్ మెడల్ మెడలో వేసుకున్నవాడు జూనియర్లలో ఆడటానికి నామోషీ పడలేదు. మనవాళ్లేమో వాడిని రాష్ట్రం జూనియర్ జట్టుకు పంపుతామంటేనే "ఇంకా జూనియరేనా" అంటున్నారు.

2025 డిసెంబర్లో చెన్నైలో జరిగిన జూనియర్ వరల్డ్ కప్‌లో, శ్రీజేష్ కోచ్‌గా ఉన్న మన పిల్లలు ఏం చేశారో చూశావు కదా. అర్జెంటీనా మీద 0-2తో వెనకబడి, చివరి 11 నిమిషాల్లో నాలుగు గోల్స్ కొట్టి కాంస్యం తెచ్చారు. వాళ్లంతా తమ ఈడు వాళ్లతో ఏళ్లకేళ్లు ఆడి వచ్చినవాళ్లు. ఆ రోజు కాకా టీవీ ముందు ఏడ్చేశాడు.

కాకాతో కూడా ఒక చోట నాకు పడటం లేదు. పద్దెనిమిది నిండగానే రైల్వే స్పోర్ట్స్ కోటాలో చేరిపోవాలంటాడు. హమాలీ ఇంట్లో సర్కారు కొలువు అంటే ఏమిటో నాకు తెలుసు, ఆ మాట కొట్టిపారేయలేను. వాళ్ల నాన్న ముందు నేను నోరెత్తను కూడా. కానీ కొలువు కోసమే ఆడితే కొలువు రాగానే ఆట ఆగుతుంది. ముకేశ్ కుమార్‌కు కూడా ఉద్యోగం ఉండింది, ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో. అయినా మూడు ఒలింపిక్స్ ఆడాడు, 1992, 1996, 2000. మన హైదరాబాద్ మనిషే. రెండూ కలిసి నడుస్తాయి, ఏది ముందో తొందరపడకపోతే చాలు.

కాబట్టి నా మాట ఇది. మార్చిలో ఇంటర్ ఫస్టియర్ పరీక్షలు రాయనివ్వాలి, వాళ్లమ్మ అదొక్కటే అడుగుతోంది. ఎండాకాలం అంతా గచ్చిబౌలి టర్ఫ్ మీద పెట్టాలి. ఉండటానికి మా చెల్లెలి ఇల్లు ఉంది, బావ ఒప్పుకున్నాడు. హకీంపేట స్పోర్ట్స్ స్కూల్ పేరు చెప్పావు కానీ అక్కడ చిన్న తరగతుల్లోనే తీసుకుంటారు, వీడి వయసు దాటిపోయింది. ఆ తర్వాత మన రాష్ట్రం జూనియర్ జట్టుకు, సెంటర్ హాఫ్‌గానే. అక్కడ నిలబడ్డాడనుకో, అప్పుడు మీ దగ్గరికి నేనే తీసుకొస్తా. ఆడేది ఏ చోటో చెప్పి, ఆ చోటుకే ట్రయల్ అడుగుతా.

నువ్వు ఒప్పుకోవని తెలుసు. ఫుల్ బ్యాక్‌గా ఆడిన రోజుల్లో కూడా నేను "ఆగు" అంటే నువ్వు ముందుకే ఉరికేవాడివి. ఏడాది ఆలస్యమైతే వయసు అయిపోతుందని అంటావు. రాయి, గట్టిగానే రాయి, నేను చదివి సార్‌కూ కాకాకూ వినిపిస్తా. అంతలోపు ఒక పని చెయ్యి. మీ దగ్గర హాస్టల్లో ఇంటర్ చదువుకుంటూ ఆడే వీలుందా, ఇంగ్లీష్ మీడియమేనా, సెంటర్ హాఫ్‌లను చూసే కోచ్ ఎవరన్నా ఉన్నారా కనుక్కో. రాత్రి పూట అన్నం పెడతారా, రొట్టెలేనా అని కూడా అడుగు. వాళ్లమ్మ అడగమంది.

పాత కాంపోజిట్ స్టిక్ ఏదన్నా నీ దగ్గర పడి ఉంటే పంపు. ముప్పై ఆరున్నర అంగుళాల సైజు.

నీ
దోస్తు