వీధి బాగుపడింది, ఇక మీ ఇంటి సంగతి

రేయ్ రఫీ,

మొన్న గాలివానకి మన వీధిలోకి నీళ్ళు వచ్చినప్పటినుంచీ ఫోన్‌లో మాట తెగిపోతూనే ఉంది, ఆ కాస్త సేపూ నువ్వు అమ్మ ఎలా ఉందనే అడుగుతావు, అందుకే ఉత్తరం. మీ అమ్మ బాగుంది. మా మిద్దె మీద గదిలోనే ఉంది, మా అమ్మా ఆవిడా కలిసి "ఇవేం నీళ్ళు, 2001లో బుగ్గవంక వాగు పొంగి వచ్చినప్పుడు చూడాల్సింది" అని పిల్లల్ని భయపెడుతున్నారు.

ఈసారి నీళ్ళకంటే గాలే ఎక్కువ. సందు మొదట్లో వేపచెట్టు లేదా, అది నిలువునా కూలి కరెంటు తీగల మీద పడింది. కుర్రాళ్ళు అప్పుడే కత్తులు తీసుకొచ్చారు, లైన్‌మన్ వచ్చి లైను ఆపేదాకా ఒక్కడినీ కొమ్మ ముట్టనియ్యలేదు నేను, తిట్లు తిన్నా సరే.

అసలు పని బురదతో. తడిగా ఉండగానే లాగెయ్యాలి, మన కడప ఎండ తెలుసు కదా, ఒక్క పూట గట్టిగా కాస్తే పార కూడా దిగదు. అందరూ ఇంట్లో బురద వీధిలోకి, వీధిలోది కాలవలోకి నెడుతున్నారు! ఇంకో వాన పడితే అది మన గడపలోకే కదా వచ్చేది? దీని మీద పెద్ద గొడవే అయింది, చివరికి ఖాళీ సిమెంటు సంచుల్లో నింపి ట్రాక్టర్‌కి ఎత్తించాం. ఆడవాళ్ళు గంపలు అందుకోకపోతే అయ్యేది కాదు, మగవాళ్ళలో సగం మంది వీడియోలు తీసేవాళ్ళే.

కాలవ మూత ఎత్తితే ఏముందనుకున్నావ్? నీళ్ళ ప్యాకెట్లు, బిర్యానీ డబ్బాలు, సగం పరుపు, ఎవరిదో కుర్చీ. బుగ్గవంకను తిట్టడం సులువు, పెన్నాకి పోవాల్సిన నీళ్ళకి దారి మూసింది మాత్రం మనమే. అయినా మనది నయం రా. 2021 నవంబర్‌లో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు చెయ్యేటి పక్కన పులపత్తూరులో ఇళ్ళ మీద ఇసుక మేటలు వేసింది, దాన్ని ఏ గంపతో ఎత్తుతారు చెప్పు.

మీ సంపు తోడించి, గోడలు రుద్ది కడిగించాను. నీళ్ళు నింపాక బ్లీచింగ్ వేస్తాం, అప్పటిదాకా అమ్మ కాచిన నీళ్ళే తాగుతోంది.

బీరువా కింది అరలోకి నీళ్ళు పోయాయి. పాసుపుస్తకం తడిసింది, అక్షరాలు మాత్రం చెదరలేదు. ఫొటోలు అతుక్కుపోతే మా చెల్లెలు నీళ్ళలో నానబెట్టి ఒక్కొక్కటే విడదీసి నీడలో తాడుకి వేలాడదీసింది. మీ నాన్న స్కూటర్ మీద కూర్చున్నది బాగానే ఉంది, మీ అక్క పెళ్ళివి రెండు మూడు పోయాయి, ఆ సంగతి అక్కకి నువ్వే చెప్పుకో.

ఫ్రిజ్‌లోకి బురద పోయింది. ఆరకముందే స్విచ్ వెయ్యొద్దని అమ్మకి గట్టిగా చెప్పాను. మెకానిక్‌కి చూపించి బాగు చేయించనా, పాత సామాన్లవాడికి ఇచ్చెయ్యనా? తొందరగా చెప్పు, మీ అమ్మ మాత్రం ఇవ్వనంటోంది.