కోంబ్ మాడ్యూళ్లు ఇంకా ఎందుకు పంపలేదంటే

ఆర్డర్ ఇచ్చి ఎదురుచూస్తున్న సార్లకి, మేడమ్‌లకి నమస్తే. కోంబ్ అంటే దువ్వెన పళ్లలా సమాన దూరాల్లో చాలా ఫ్రీక్వెన్సీలు ఉండే లేజర్ కాంతి. "చిప్పులో కోంబ్ వచ్చేసిందన్నారు కదా, ఇంకా చర్లపల్లి షెడ్‌లోనే ఎందుకు పెట్టుకున్నారు" అని ఫోన్లు వస్తున్నాయి, అడగడంలో తప్పేం లేదు, ఉన్నది ఉన్నట్టు చెప్తా.

సిలికాన్ నైట్రైడ్ చిప్పులు బాగానే పనిచేస్తున్నాయి. 1550 నానోమీటర్ల లేజర్ ఒక్కటి చిప్పు మీదున్న రింగులోకి (కాంతి గుండ్రంగా తిరిగే సన్నటి దారి) పంపితే చాలు, కెర్ ఎఫెక్ట్‌తో (కాంతి తీవ్రతని బట్టి మెటీరియల్ రిఫ్రాక్టివ్ ఇండెక్స్ మారడం) అటూ ఇటూ 100 గిగాహెర్ట్జ్‌కి ఒకటి చొప్పున కొత్త లైన్లు, అంటే కొత్త ఫ్రీక్వెన్సీలు, పుడుతున్నాయి, స్పెక్ట్రమ్ ఎనలైజర్ మీద చూస్తే ముచ్చటేస్తుంది. అయితే లైన్లు కనిపించినంత మాత్రాన అవి ఒకదానితో ఒకటి లాక్ అయినట్టు, అంటే ఫేజ్ కలిపి నడుస్తున్నట్టు, కాదండీ. లాక్ కాకపోతే అదంతా నాయిస్, మీ కొలతలకి అక్కరకి రాదు. మీరు డబ్బులు కట్టింది సాలిటాన్ కోసం, అంటే ఆకారం చెదరకుండా రింగులో తిరుగుతూనే ఉండే కాంతి పల్స్ కోసం, 2014లో స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో కిప్పెన్‌బర్గ్ అనే శాస్త్రవేత్త గ్రూప్ చూపించిన రకం.

కష్టమంతా అక్కడే. లేజర్ వేవ్‌లెంగ్త్ మెల్లగా పెంచుతూ పోతే స్కోప్ మీద, రింగు దాటి వచ్చే కాంతి ట్రేస్ త్రికోణంలా దిగుతూ దిగుతూ, తిరిగి పైకి లేచేటప్పుడు మధ్యలో చిన్న మెట్టు కనబడుతుంది, సాలిటాన్ ఉండేది ఆ మెట్టు మీదే. కానీ సాలిటాన్ రాగానే రింగులో పవర్ తగ్గుతుంది, రింగు చల్లబడుతుంది, రెసొనెన్స్ (రింగు కాంతిని పట్టుకునే ఫ్రీక్వెన్సీ) పక్కకి జరిగిపోతుంది, లేజర్ దాన్నుంచి బయటపడిపోతుంది. ఒక్క డిగ్రీకి దాదాపు 2.5 గిగాహెర్ట్జ్ జరిగే వస్తువుని మే నెల హైదరాబాద్‌లో, ఏసీ ఆన్ ఆఫ్ అవుతున్న రూములో నిలబెట్టాలంటే మాటలు కాదు.

అందుకే కొత్త బ్యాచ్‌లో డీఎఫ్‌బీ లేజర్‌ని (ఒకే రంగు ఇచ్చే చిన్న సెమీకండక్టర్ లేజర్) ఐసోలేటర్ (వెనక్కి వచ్చే కాంతిని ఆపేది) లేకుండా చిప్పుకి నేరుగా ఆనించి పెడుతున్నాం, రింగు నుంచి వెనక్కి వచ్చే కాంతే లేజర్‌ని పట్టి ఉంచుతుంది, స్విచ్ వేస్తే సాలిటాన్ వచ్చేలా ఇది చేయొచ్చని 2020లోనే చూపించారు. లేజర్‌కీ చిప్పుకీ మధ్య సందు మాత్రం సరిగ్గా కుదరాలి, జిగురు ఆరేటప్పుడు కాస్త కదిలినా వెనక్కి వచ్చే కాంతి ఫేజ్ మారిపోతుంది, టైమ్ అంతా దానికే పోతోంది.

పక్కపక్క లైన్లు కలిస్తే వచ్చే 100 గిగాహెర్ట్జ్ బీట్ మా ఫోటోడయోడ్‌కి అందదు కాబట్టి తక్కువ ఫ్రీక్వెన్సీలో నాయిస్ పడిపోయిందా లేదా అని ప్రతి పీస్‌కీ చూస్తున్నాం, ఆ గ్రాఫ్ ప్రింట్ తీసి బాక్సులోనే పెడతాం, అది లేకుండా ఒక్కటి కూడా గేటు దాటదు. రేటు పెంచట్లేదు. ఆగలేనివాళ్లు చెప్పండి, అడ్వాన్స్ మొత్తం వెనక్కి ఇచ్చేస్తాం. స్టూడెంట్లకి డెమో చూపిస్తే చాలు అనుకునే కాలేజీలకి నాయిస్ ఉన్న చిప్పులు తక్కువ ధరకి ఇస్తాం, లేబుల్ మీద "సాలిటాన్ కాదు" అని పెద్దక్షరాలతో రాసే ఇస్తాం.