మతిమరుపు పరీక్షకు వారానికో ఓపీ కావాలి

అయ్యా,

ముసలితనంలో మతిమరుపు తెచ్చే అల్జీమర్స్ జబ్బుకు కొత్త మందులొచ్చాయని పత్రికల్లో తరచూ చదువుతున్నాం. 2023లో అమెరికా పూర్తి అనుమతి పొందిన లెకనెమాబ్ మెదడులో పేరుకున్న అమిలాయిడ్ ప్రోటీన్‌ను తొలగిస్తుంది. 18 నెలల ప్రయోగంలో జబ్బు ముదిరే వేగం 27 శాతం తగ్గింది, అంతే, నయం కాలేదు. అదీ తొలిదశ రోగులకే. మన దగ్గర తొలిదశలో దవాఖానకు పోయేదెవరు? చాదస్తం అని ఇంట్లోనే తేల్చేస్తాం.

చాలా ఏళ్లు జంతుశాస్త్రం చెప్పినవాణ్ని కనుక నాలుగు ముక్కలు చెబుతాను. ఏదైనా చాలాకాలం యాదికి ఉండాలంటే నాడీకణాలు కొత్త ప్రోటీన్లు తయారు చేసుకోవాలి. సముద్రపు నత్తల్లో జ్ఞాపకాన్ని శోధించిన ఎరిక్ కాండెల్‌కు 2000లో నోబెల్ వచ్చింది. టౌ అనే ఇంకో ప్రోటీన్ ఉంది. కాజీపేట పట్టాలను స్లీపర్లు పట్టి ఉంచినట్టు, కణం లోపలి సన్నని గొట్టాలను అది నిలబెడుతుంది. అల్జీమర్స్‌లో టౌ ఊడిపోయి చిక్కులు పడుతుంది, కణాల బయట అమిలాయిడ్ గడ్డకడుతుంది. మరుపు బయటపడే 15, 20 ఏళ్ల ముందే ఈ తతంగం మొదలవుతుంది.

పరకాల వైపు నుంచి వచ్చిన మా బంధువుల పెద్దాయనను ఒక ఆసుపత్రిలో చూపించాం. కాగితం, పెన్ను చేతికిచ్చి గడియారం బొమ్మ గీసి పదీ పది చూపించమన్నారు. ఆయన జన్మలో పెన్ను పట్టలేదు. మిత్తి లెక్కలు మాత్రం ఇప్పటికీ నోటితోనే కడతాడు. గీయలేదు కాబట్టి మార్కులు పోయాయి! చదువు రానివాళ్లకు తగిన పరీక్షలు మన దేశంలోనే తయారయ్యాయి, వాడేవాళ్లు కావాలి. హైదరాబాద్ నిమ్స్‌లో 648 మంది రోగులను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనం, రెండు భాషలు మాట్లాడేవారిలో డిమెన్షియా (అల్జీమర్స్ వంటి మతిమరుపు జబ్బులు) సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని తేల్చింది. చదువు లేనివారిలోనూ ఆ తేడా కనిపించింది. తెలుగు, ఉర్దూ కలిపి మాట్లాడే ఓరుగల్లు వాళ్ల మెదళ్లలో ఈ ప్రోటీన్ల తీరు ఎలా ఉంటుందో చూడొద్దా?

చూడాలంటే రోగి పోయాక మెదడు గంటల వ్యవధిలో ప్రయోగశాలకు చేరాలి, కొంత భాగం గడ్డకట్టించి దాచాలి. వైద్య విద్యార్థుల అనాటమీ పాఠాల కోసం, చెడిపోకుండా ఫార్మలిన్ మందు ఎక్కించిన దేహం అందుకు సరిగా పనికిరాదు. బెంగళూరు నిమ్హాన్స్‌లో మెదడు బ్యాంకు ఉంది గానీ, ఇక్కడి నుంచి అంత దూరం ఎవరు తీసుకుపోతారు? బతికుండగా పరీక్షించిన రికార్డు లేకుంటే ఆ దానం విలువా సగమే.

అందుకే వరంగల్ ఎంజీఎం ప్రభుత్వాసుపత్రిలో వారానికో రోజు మతిమరుపు ఓపీ నడపాలని ఆరోగ్యశాఖను కోరుతున్నాను. బీ12 లోపం, థైరాయిడ్ వల్ల వచ్చే మరుపు అక్కడే దొరికితే మామూలు మందులతోనే తగ్గుతుంది. మిగతావారి రికార్డు ఏటేటా రాసి ఉంచాలి. కాకతీయ వైద్య కళాశాలలో దేహదానం నమోదు చేసుకునేవాళ్లను, మెదడును పరిశోధనకు ఇస్తారా అని కూడా అడగాలి. నన్నడిగితే నేను సంతకం పెడతాను. మా ఇంటావిడ ఇంకా ఒప్పుకోలేదు.

— విశ్రాంత అధ్యాపకుడు, హనుమకొండ